వేలికి తెలిసే మీట: ఉద్యోగపు ఫోనును తూచే కొలతలు

పనిముట్టు మంచిదా కాదా అన్నది అది ఏ పనికి పుట్టిందో తెలిసిన తరవాతే తేలుతుంది. కంసాలి సుత్తిని కమ్మరి కొలిమి దగ్గర పరీక్షించి, దెబ్బలో బరువు లేదని పక్కన పడేస్తే ఆ తీర్పు వల్ల సుత్తి గుణం బయటపడదు, తీర్పరి ఎంచుకున్న కొలతలోని లోపమే బయటపడుతుంది. సెల్‌ఫోన్ల విషయంలో ఈ పొరపాటు చాలాకాలంగా జరుగుతూ వచ్చింది. కెమెరా ఎంత స్పష్టంగా తీస్తుంది, ఆటలు ఎంత వేగంగా ఆడుతాయి, తెర ఎంత పెద్దది అన్న మూడు ప్రశ్నలతోనే ప్రతి ఫోనునూ వరుసలో నిలబెట్టడం అలవాటైపోవడంతో, ఉత్తరాలు రాయడానికీ, దస్త్రాలు చదవడానికీ, సంస్థ రహస్యాలను కాపాడడానికీ ప్రత్యేకించి తయారైన ఫోనుకు తగిన పరీక్ష దొరకలేదు. తెర కింద నిజమైన మీటల వరుసలతో 2017లో వచ్చిన బ్లాక్‌బెర్రీ కీవన్ అటువంటి ఫోన్లలో ఒకటి. రాత, చదువు, భద్రత, మన్నిక అనే నాలుగు కొలతలతో దాన్ని తూచి చూస్తే, ఆ ఒక్క ఫోను మంచిచెడులతో పాటు, ఉద్యోగ వ్యాపారాల కోసం ఫోను కొనే ఎవరైనా వేసుకోవలసిన ప్రశ్నలు కూడా స్పష్టమవుతాయి.

మీటల ఫోను పుట్టుక

కెనడాలోని ఒంటారియో రాష్ట్రానికి చెందిన వాటర్లూ నగరంలో మైక్ లజారిడిస్, డగ్లస్ ఫ్రెగిన్ 1984లో స్థాపించిన రీసెర్చ్ ఇన్ మోషన్ అనే సంస్థ, 1999లో బ్లాక్‌బెర్రీ 850 అనే చిన్న పరికరాన్ని విడుదల చేసింది. దానితో మాట్లాడే వీలు లేదు; గోడ గడియారంలో వేసే పరిమాణపు ఒక్క బ్యాటరీతో నడుస్తూ, ఈమెయిళ్లను అందుకొని, రెండు బొటనవేళ్లతో కొట్టిన జవాబులను పంపడమే దాని పని. పరికరం చిన్నదే అయినా దాని వెనుక ఉన్న ఏర్పాటు పెద్దది. అంతకుముందు ఈమెయిల్ చూడాలంటే, పోస్టాఫీసుకు వెళ్లి ఉత్తరం వచ్చిందా అని అడిగి తెలుసుకున్నట్టు, మనిషి తానే కంప్యూటరు ముందు కూర్చుని వెతుక్కోవలసి వచ్చేది. బ్లాక్‌బెర్రీ పద్ధతిలో ఉత్తరం సర్వరుకు చేరిన వెంటనే, తపాలా బంట్రోతు గుమ్మం దాకా తెచ్చి ఇచ్చినట్టు, జేబులోని పరికరానికి దానంతట అదే వచ్చి చేరేది. పుష్ ఈమెయిల్ అని పేరుపొందిన ఈ ఏర్పాటే ఆ పరికరాన్ని అధికారులకూ, న్యాయవాదులకూ, బ్యాంకు ఉద్యోగులకూ వదలలేని వస్తువుగా మార్చింది.

2002లో వచ్చిన 5810 నమూనాతో మాట్లాడే సౌకర్యం కూడా చేరింది గాని, మాట్లాడాలంటే చెవికి విడిగా హెడ్‌సెట్ తగిలించుకోవలసి వచ్చేది. 2008లో వచ్చిన బోల్డ్ 9000 నాటికి ఫోనూ, ఈమెయిలూ, మూడో తరం డేటా సేవా, మీటలూ ఒకే వస్తువులో చక్కగా అమరాయి. అప్పటికే 2007 జనవరిలో ఆపిల్ సంస్థ ఐఫోన్‌ను ప్రకటించింది. ఆ సభలో స్టీవ్ జాబ్స్ మీటల ఫోన్ల మీద చేసిన ప్రధానమైన విమర్శ, అవసరం ఉన్నా లేకపోయినా ఆ మీటలు ఫోను ముఖంలో కింది భాగాన్ని శాశ్వతంగా ఆక్రమించి కూర్చుంటాయన్నది. ఆ విమర్శలో నిజం ఉంది. బ్లాక్‌బెర్రీ వాడుకదారుల సంఖ్య 2012 నాటికి సుమారు 8 కోట్లకు చేరినా, ఆ తరవాత వేగంగా తగ్గిపోయింది. 2013లో సంస్థ తన పేరునే బ్లాక్‌బెర్రీగా మార్చుకొని, 2016లో ఫోన్లను సొంతంగా రూపొందించే పనికి స్వస్తి చెప్పి, ఆ పేరుతో ఫోన్లు తయారుచేసే హక్కును చైనాకు చెందిన టీసీఎల్ సంస్థకు ఇచ్చింది. ఆ ఒప్పందం ఫలితంగా 2017 ఫిబ్రవరిలో బార్సిలోనాలో వెలుగు చూసిన ఫోనే కీవన్. భారతదేశంలో ఆప్టిమస్ సంస్థ దాన్ని అదే ఏడాది ఆగస్టులో 4 గిగాబైట్ల ర్యామ్, 64 గిగాబైట్ల నిల్వ, రెండు సిమ్ కార్డుల సదుపాయంతో 39,990 రూపాయలకు అమ్మకానికి పెట్టింది.

మొదటి కొలత: రాత

మీటల ఫోనును సమర్థించేవారు తొలుత చెప్పేది వేగం గురించి. అయితే తెరమీద కనిపించే కీబోర్డు మీద, ముఖ్యంగా తరవాతి మాటను ఊహించి అందించే సాఫ్ట్‌వేర్ సాయంతో, అలవాటైన వేలు మీటల మీది వేలికి తీసిపోకుండా పరుగెత్తగలదు కాబట్టి, మీటల అసలు ఘనతను వేగంలో వెతకడం సరికాదు. 1954లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ ప్రతిపాదించిన ఒక సూత్రం ప్రకారం, ఏదైనా గురిని చేరడానికి చేతికి పట్టే సమయం, గురి ఎంత దూరంలో ఉందన్న దాని మీదా, ఎంత వెడల్పున్నదన్న దాని మీదా ఆధారపడి ఉంటుంది. ఫోను మీటలు ఇరుకైనవే అయినా చాలా దగ్గరగా ఉంటాయి. పైగా ఒక్కో మీట ఉపరితలాన్ని ఒక పక్కకు వాలుగా చెక్కడం వల్ల, కంటితో చూడకుండానే తన కింద ఉన్నది ఏ మీటో బొటనవేలికి అంచు తాకిడితో తెలిసిపోతుంది. నునుపైన గాజు మీద ఈ ఆనవాలు ఉండదు కాబట్టి, తెరమీద రాసేవారి చూపు రాస్తున్న వాక్యానికీ, అక్షరాల పలకకూ మధ్య తిరుగుతూనే ఉంటుంది. మీటల మీద రాసేవారి చూపు వాక్యం మీదే నిలుస్తుంది. పొడుగాటి, జాగ్రత్తగా రాయవలసిన ఉత్తరానికి ఈ తేడా చిన్నది కాదు.

రెండో ఘనత కచ్చితత్వం. తెరమీది కీబోర్డు వేలి తప్పులను నిఘంటువు ఆధారంగా దిద్దుతుంది. అంటే మనిషి ఏం కొట్టాడన్న దానికన్నా, ఏం కొట్టి ఉండవచ్చునన్న ఊహకు అది ఎక్కువ విలువ ఇస్తుంది. మామూలు ఇంగ్లీషు వాక్యానికి ఇది మేలే గాని, ఉద్యోగపు రాతలో బిల్లు నంబర్లు, సంకేతాక్షరాలు, సరుకుల గుర్తులు, ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు అడుగడుగునా వస్తాయి, వీటిలో ఏదీ నిఘంటువుకు తెలియదు. ఇంగ్లీషు లిపిలో తెలుగు రాసేవారికి ఈ ఇబ్బంది మరీ బాగా తెలుసు: కొట్టిన తెలుగు మాటను తప్పుగా పడిన ఇంగ్లీషు మాటగా భావించి ఫోను దాన్ని మార్చేయడం, పంపిన తరవాత చూసుకొని మళ్లీ సంజాయిషీ రాయడం నిత్యకృత్యం. మీటల ఫోనులో ఈ దిద్దుబాటును పూర్తిగా ఆపివేసినా రాతకు ఆటంకం కలగదు, ఎందుకంటే ఏ మీట నొక్కితే ఆ అక్షరమే పడుతుంది.

కీవన్ మీటలకు మరికొన్ని అదనపు విద్యలు కూడా ఉన్నాయి. మీటల పలక మొత్తం స్పర్శను గుర్తించగలదు కాబట్టి, మీటలను నొక్కకుండా వాటి మీద వేలిని పైకీ కిందికీ జరిపితే తెరమీది పాఠం జరుగుతుంది. రాస్తున్నప్పుడు తెర అడుగున కనిపించే మూడు మాటల సూచనల్లో కావలసినదాని కింద వేలిని పైకి చిమ్మితే ఆ మాట వాక్యంలో చేరుతుంది. 26 అక్షరాల మీటలకు ఒక్కోదానికి చిన్న నొక్కు, పెద్ద నొక్కు అనే రెండేసి పనులు అప్పగించే వీలుండడంతో మొత్తం 52 అడ్డదారులు ఏర్పడుతాయి. ఒక అక్షరాన్ని నొక్కగానే పై అధికారికి ఉత్తరం తెరుచుకునేలా, మరొకటి అదిమిపెడితే నేటి సమావేశాల పట్టిక కనిపించేలా అమర్చుకోవచ్చు. మాటల మధ్య ఖాళీ ఇచ్చే పొడుగు మీటలోనే వేలిముద్రను గుర్తించే సాధనాన్ని ఇమడ్చడం, రూపకర్తలు ఉద్యోగి చేతి కదలికను ఎంత శ్రద్ధగా గమనించారో చెబుతుంది.

ఇన్ని సుగుణాలున్న ఈ కొలతలోనే తెలుగువారికి సంబంధించినంత వరకు ఒక పెద్ద లోటు ఉంది. తెరమీది కీబోర్డు ఏ లిపినైనా ధరించగలదు; మీట మీద అచ్చయిన అక్షరం మాత్రం మారదు. యాభైకి పైబడిన వర్ణాలూ, గుణింతాలూ, ఒత్తులూ ఉన్న తెలుగును 26 రోమన్ మీటల మీద సూటిగా అమర్చడం సాధ్యం కాదు. భారతీయ భాషలన్నిటికీ ఒకే అమరిక ఉండాలన్న ఉద్దేశంతో భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఆమోదించిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి, అక్షరాల మీటలతో పాటు అంకెల వరుసనూ, విరామ చిహ్నాల మీటలనూ కూడా వాడుకునే కంప్యూటరు పలక కోసం రూపొందినది. ఫోను మీటల ఇరుకులో అది ఒదగదు. రోమన్ లిపిలో కొడితే తెలుగులోకి మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నా, అవి ప్రధానంగా తెరమీది కీబోర్డును దృష్టిలో ఉంచుకొని తయారైనవి కాబట్టి మీటలతో అన్నీ ఒకే తీరుగా సహకరించవు. ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ ఇంగ్లీషులో సాగే హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఈ లోటు కనిపించదు. తెలుగులో నివేదికలు రాసే విలేకరికో, గ్రామ కార్యాలయ ఉద్యోగికో అదే మొట్టమొదటి అడ్డంకి అవుతుంది. అందువల్ల రాత అనే కొలతలో ఈ ఫోనుకు వచ్చే మార్కులు, రాసే భాషను బట్టి మారిపోతాయని గుర్తించాలి.

రెండో కొలత: చదువు

ఉద్యోగి ఫోనులో రాసేదానికన్నా చదివేదే ఎక్కువ. కీవన్ తెర 4.5 అంగుళాలది; అడ్డం 1080, నిలువు 1620 బిందువులతో, అంటే 2 కి 3 నిష్పత్తిలో ఉంటుంది. అప్పటికే 5.5 అంగుళాల తెరలు సర్వసాధారణమైపోయిన కాలంలో ఇది కురచగా కనిపించింది. అయితే మామూలు ఫోనులో రాయడం మొదలుపెట్టగానే కీబోర్డు పైకి లేచి తెరలో పెద్ద భాగాన్ని కప్పేస్తుందనీ, జవాబు రాస్తున్న ఉత్తరమే కనిపించకుండా పోతుందనీ గుర్తుంచుకుంటే, కీవన్‌లో రాసేటప్పుడూ చదివేటప్పుడూ తెర ఒకే మేరగా మిగిలి ఉండడంలోని సౌలభ్యం అర్థమవుతుంది. ఈమెయిళ్లకూ, ఒప్పంద పత్రాలకూ ఈ ఆకారం చక్కగా నప్పుతుంది. సినిమాలు చూసేటప్పుడు మాత్రం బొమ్మకు పైనా కిందా నల్లని పట్టీలు మిగిలిపోతాయి, బొమ్మ చిన్నదైపోతుంది. స్టీవ్ జాబ్స్ విమర్శ ఇక్కడ పూర్తిగా వర్తిస్తుంది: మీటలు రాసేవారికి చోటును మిగిలిస్తాయి, చూసేవారి చోటును తీసుకుంటాయి. పనివేళల్లో ఉత్తరాలూ, తీరిక వేళల్లో సినిమాలూ ఒకే ఫోనులో కోరుకునేవారు ఈ బేరాన్ని ముందే బేరీజు వేసుకోవాలి.

చదువుకు సంబంధించి బ్లాక్‌బెర్రీ హబ్ అనే ఏర్పాటును కూడా చెప్పుకోవాలి. ఆఫీసు ఈమెయిలు, సొంత ఈమెయిలు, ఎస్ఎంఎస్‌లు, ఇతర సందేశాలు వేర్వేరు యాప్‌లలో చెల్లాచెదురుగా ఉండకుండా, వచ్చిన వరుసలో ఒకే జాబితాగా చేరే చోటు ఇది. రోజుకు వందల సందేశాలు అందుకునే ఉద్యోగికి, ఏ ఉత్తరానికి జవాబు బాకీ పడిందో ఒక్క చూపులో తెలియడం ఎంతో ఊరట.

మూడో కొలత: భద్రత

పాత బ్లాక్‌బెర్రీకి పేరు తెచ్చినవి మీటలే కావు. ఎన్‌క్రిప్షన్‌కు అందులో సమానమైన వాటా ఉంది. సందేశాన్ని తాళంచెవి ఉన్నవారు తప్ప మరెవరూ చదవలేని రూపంలోకి మార్చడాన్ని ఎన్‌క్రిప్షన్ అంటారు. బ్లాక్‌బెర్రీ ఎంటర్‌ప్రైజ్ సర్వరును తమ ఆఫీసులోనే నెలకొల్పుకున్న సంస్థల విషయంలో, ఆ తాళంచెవి ఆ సంస్థ సర్వరులోనూ, ఉద్యోగి ఫోనులోనూ మాత్రమే ఉండేది. మధ్యలో సందేశాన్ని మోసుకెళ్లే నెట్‌వర్కు దగ్గర గాని, రీసెర్చ్ ఇన్ మోషన్ దగ్గర గాని ఉండేది కాదు. ఈ కట్టుదిట్టం ఎంత గట్టిదంటే, దేశ భద్రత దృష్ట్యా సందేశాలను పరిశీలించే వీలు కల్పించకపోతే సేవలను నిలిపివేస్తామని భారత ప్రభుత్వం 2010లో ఆగస్టు 31ని గడువుగా పెట్టి హెచ్చరించే దాకా వెళ్లింది. ఒక చిరువ్యాపారి నుంచి ఒక ప్రభుత్వం దాకా అందరికీ సంబంధించిన ప్రశ్న, అంటే ఉత్తరం తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్న, ఆ వివాదంతో సామాన్యుల చర్చలోకి వచ్చింది.

కీవన్ ఆ పాత వ్యవస్థ మీద నడవదు. అది గూగుల్ వారి ఆండ్రాయిడ్ మీద నడుస్తుంది. ఉత్తరాలు అన్ని ఆండ్రాయిడ్ ఫోన్ల మాదిరిగానే మామూలు ఇంటర్నెట్ ద్వారా వస్తాయి. భద్రత కోసం దీనిలో చేసిన ఏర్పాట్లు వేరే రకానివి. తయారీ దశలోనే ఫోను లోపలి చిప్‌లో రహస్య సంకేతాలను పొదగడం వల్ల, ఫోను ఆన్ అయిన ప్రతిసారీ తన సాఫ్ట్‌వేర్‌ను ఎవరూ మార్చలేదని సరిచూసుకోగలదు. డీటెక్ అనే యాప్, ఏ యాప్ ఎప్పుడు మైకునూ, కెమెరానూ, చిరునామాల జాబితానూ వాడుకుందో సామాన్యులకు అర్థమయ్యే తీరులో చూపుతుంది. వీటికి తోడు, ఆండ్రాయిడ్‌లోనే ఉన్న వర్క్ ప్రొఫైల్ అనే సదుపాయం, ఒకే ఇంట్లో ఆఫీసు గదికి వేరే తాళం వేసినట్టు, సంస్థ సమాచారాన్ని సొంత ఫోటోలతో, సందేశాలతో కలవకుండా వేరుచేస్తుంది. ఉద్యోగి మానేసినప్పుడు సంస్థ తన గదిని ఖాళీ చేయించగలదు గాని, మిగతా ఇంటి జోలికి రాలేదు.

అయితే వర్క్ ప్రొఫైల్ మంచి ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటిలోనూ దొరుకుతుందన్న విషయాన్ని ఇక్కడే గమనించాలి. 1999లో మీటలూ, ఉత్తరాల నెట్‌వర్కూ, తాళమూ ఒకే ఇంటివి. 2017 నాటికి మీటలు ఒకరివి, సాఫ్ట్‌వేర్ మరొకరిది, తయారీ వేరొకరిది. ఈ విడివడడంలో మంచీ ఉంది. 2011 అక్టోబరులో బ్రిటన్‌లోని స్లౌ పట్టణంలో ఉన్న కేంద్రంలో ఒక ప్రధాన స్విచ్చు పాడైతే, ఐరోపా, ఆఫ్రికా, భారతదేశం మొదలుకొని అమెరికా దాకా బ్లాక్‌బెర్రీ సందేశాలు రోజుల తరబడి స్తంభించిపోయాయి. అంతా ఒకే ఇంటి గుండా నడిచే ఏర్పాటులోని బలహీనత అది. కీవన్‌కు ఆ బలహీనత లేదు, ఆ పాత ప్రత్యేకతా లేదు.

నాలుగో కొలత: మన్నిక

మన్నిక అన్న మాటకు ఫోనులో మూడు అర్థాలున్నాయి: ఒక రోజుకు చాలే చార్జి, చేతి వాడకానికి తట్టుకునే శరీరం, ఏళ్ల తరబడి అందే సాఫ్ట్‌వేర్ రక్షణ. మొదటిదానిలో కీవన్ మేలైనది. 3505 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీకి తోడు, చిన్న తెరా, తక్కువ విద్యుత్తు తాగే స్నాప్‌డ్రాగన్ 625 ప్రాసెసరూ ఉండడంతో, పొద్దున చార్జి పెట్టిన ఫోను ఉద్యోగి ఇల్లు చేరేదాకా నిలుస్తుంది. ప్రాసెసర్ మధ్యతరగతిది అన్న విమర్శను కూడా దీనితో కలిపే చూడాలి: భారీ ఆటలకు అది తక్కువే గాని, ఉత్తరాలకు చాలు, ఆ పొదుపే బ్యాటరీకి ఆయువు పోసింది. అయినా అదే 2017 జూన్‌లో అంతకన్నా వేగవంతమైన స్నాప్‌డ్రాగన్ 835 ప్రాసెసరుతో వన్‌ప్లస్ 5 ఫోను 32,999 రూపాయలకే దొరికిందంటే, కీవన్ కొన్నవారు మీటలకు గట్టి వెలే చెల్లించారని ఒప్పుకోవాలి.

రెండో అర్థంలో ఫలితం మిశ్రమం. అల్యూమినియం చట్రం, సుమారు 180 గ్రాముల బరువు చేతికి నిండుగా ఉంటాయి. అయితే తొలి విడత ఫోన్లలో కొన్నిటికి ఒత్తిడికి తెర చట్రం నుంచి విడివడిన సంగతి బయటపడి, అదనంగా జిగురు వాడి సరిదిద్దవలసి వచ్చింది.

మూడోది అన్నిటికన్నా తక్కువగా కనిపించేదీ, ఎక్కువగా నష్టపరిచేదీ. ఫోను సాఫ్ట్‌వేర్‌లో ఎప్పటికప్పుడు బయటపడే లొసుగులను పూడ్చేందుకు తయారీదారు పంపే సవరణలే దానికి నిజమైన రక్షణ. అవి ఆగిన రోజు నుంచి తాళం తుప్పు పట్టడం మొదలవుతుంది. ఆండ్రాయిడ్ 7.1తో వచ్చిన కీవన్‌కు 8.1 దాకా మాత్రమే ఎదుగుదల లభించింది. 2018లో దాని తరవాతి తరంగా కీటూ వచ్చింది గాని, 2020 ఆగస్టు 31 తరవాత బ్లాక్‌బెర్రీ పేరుతో ఫోన్లు అమ్మబోమని టీసీఎల్ ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ప్రకటించింది. సొంత వ్యవస్థ మీద నడిచే పాత బ్లాక్‌బెర్రీలకు సేవలన్నీ 2022 జనవరి 4న నిలిచిపోయాయి. అప్పటికి వాటిలో చాలావాటి మీటలు చెక్కుచెదరలేదు. భద్రత పేరు చెప్పి అమ్ముడైన వస్తువుకు, ఆ భద్రతను కొనసాగించే చేయి ముందే తప్పుకోవడం కన్నా పెద్ద లోపం లేదు.

తూకం

నాలుగు కొలతలనూ కలిపి చూస్తే, ఇంగ్లీషులో ఎక్కువగా రాసే ఉద్యోగికి కీవన్ రాతకు అరుదైన పనిముట్టు, చదువుకు తగినది, రోజువారీ చార్జికి నమ్మదగినది. తెలుగులో రాసేవారికి అది సగం పనిముట్టే. భద్రతలో, విడుదలైన తొలి రెండేళ్లలో గట్టిది, తరవాత బలహీనపడినది. కెమెరానూ, ప్రాసెసరునూ మాత్రమే చూసి దాన్ని తోసిపుచ్చినవారు కంసాలి సుత్తిని కొలిమి దగ్గర తూచారు. మీటల స్పర్శ ఒక్కటే చూసి దాన్ని నెత్తిన పెట్టుకున్నవారు సుత్తి పిడిని మాత్రమే తూచారు.

మీటల మీద మక్కువ ఇంకా పోలేదు. యునిహెర్ట్జ్ సంస్థ టైటన్ పేరుతో మీటల ఫోన్లు తెచ్చింది. 2024 జనవరిలో క్లిక్స్ అనే సంస్థ ఐఫోన్‌కు తొడిగే మీటల తొడుగును ప్రకటించింది. పాత బ్లాక్‌బెర్రీలను సెకండ్ హ్యాండ్‌లో వెతికి కొనేవారూ ఉన్నారు. వీటిలో దేనిని తీసుకోవాలనుకున్నా ప్రశ్నల వరుస ముఖ్యం. భద్రతా సవరణలు ఏ ఏడాది దాకా వస్తాయని తయారీదారు రాతపూర్వకంగా చెబుతున్నాడన్నది మొదటి ప్రశ్న; నిత్యం రాసే భాష ఆ మీటల మీద సాఫీగా పడుతుందా అన్నది రెండోది; ఉత్తరాల తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందన్నది మూడోది. ఈ మూడింటికీ సరైన జవాబు వచ్చిన తరవాతే మీట మీద బొటనవేలు పెట్టి చూడాలి. కాదని స్పర్శతో మొదలుపెడితే, బొటనవేలి ఇష్టమే తీర్పైపోయి, మిగతా ప్రశ్నలు అడగవలసిన రోజున అడగకుండానే మిగిలిపోతాయి.